రక్షిత పదం, క్రమసంఖ్య మూడువందల పన్నెండు

లింబాద్రి సారు కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసిన మనిషి. ముప్పై ఒక్క సంవత్సరాల పాటు ఆయన తీరిక సమయమంతా చెరువుగట్ల మీద, తుంగపొదల చాటున, కొంగలను లెక్కపెట్టడంలో గడిచింది. దేవుడున్నాడా అని ఎవరైనా అడిగితే, "నాకింకా తారసపడలేదు. పడితే తేదీ, సమయం, సంఖ్య వేసి రాసుకుంటాను" అని మర్యాదగానే జవాబిచ్చేవారు. అంతటి జాగ్రత్తపరుడు జీవితంలో ఒకే ఒక్కసారి, ఒక సమావేశంలో, ఆలోచించకుండా ఒక ఉపమానం వాడారు. తరువాత జరిగినదానికంతటికీ మూలం అదే.

ఆ సమావేశం మాండలిక పద పరిరక్షణ సంస్థలో జరిగింది. జిల్లా కేంద్రంలో ఒకప్పుడు విత్తనాల గోదాముగా ఉన్న పాత భవనానికి రంగు వేయించి, అందులో ఆ సంస్థను నెలకొల్పారు. శాస్త్రీయ సలహాదారుగా ఉండమని లింబాద్రి సారును పిలిచారు. సంచాలకులు డాక్టర్ విశ్వపతి గారు గొంతు సవరించుకుని, "అంతరించిపోతున్న పదసంపదను గుర్తించి, వర్గీకరించి, పరిరక్షించవలసిన చారిత్రక ఆవశ్యకత మన భుజస్కంధాలపై ఉన్నది. అయితే ఏ పదం ప్రమాదంలో ఉన్నదో తెలుసుకొనుటకు శాస్త్రీయ ప్రాతిపదిక ఏమిటి?" అని ప్రశ్నించారు.

"పక్షులనైతే లెక్కపెడతాం. మరీ తక్కువ కనబడితే ప్రమాదమంటాం. మాటలనూ అట్లాగే లెక్కపెట్టండి" అన్నారు లింబాద్రి సారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

మరునాటి తీర్మానంలో "పదములు పక్షులవంటివి" అన్న వాక్యం చేరింది. వారం తిరిగేసరికి 'వంటి' రాలిపోయింది. నెల తిరిగేసరికి వన్యప్రాణుల నియమావళి ఒకటి ఎక్కడినుంచో తెప్పించి, అందులో 'ప్రాణి' అని ఉన్నచోటల్లా 'పదము' అని దిద్ది, సంస్థ నియమావళిగా ప్రకటించారు. దిద్దినవారు అన్ని వాక్యాలనూ చదివినట్టు లేదు. "రక్షిత పదమును వేటాడుట, బంధించుట, దాని గుడ్లను సేకరించుట నిషిద్ధము" అన్న ఏడవ నిబంధన అట్లాగే ఉండిపోయింది. పన్నెండుమంది కంటే తక్కువమంది వాడే పదం అతిప్రమాద శ్రేణిలోకి వస్తుందన్నది పదకొండవ నిబంధన.

జనగణన మొదలైంది. దూప, బుగులు, రంది, యాష్ట, సోయి, నిమ్మళం మొదలుకొని ఆరువందల నలభై పదాల జాబితా తయారైంది. తెల్లటి జీపుల్లో గణకులు పల్లెలకు బయలుదేరారు. ఒకరోజు లింబాద్రి సారు కూడా వెంట వెళ్లారు. ఊరి చివర పొలం గట్టున ఒక రైతు కొడుకు మీద విరుచుకుపడుతున్నాడు.

"ఇగురమున్నదారా నీకు? ఒక్క మడికి పెట్టుమంటె నీళ్లన్ని ఆగమాగం జేస్తివి!"

జీపు ఆగింది. గణకుడు దిగి, మెడలో గుర్తింపు కార్డు సర్దుకుని, ఫారం తెరిచాడు. "క్రమసంఖ్య మూడువందల పన్నెండు. 'ఇగురం' అను పదమును మీరు వాడుదురా?"

రైతు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "లేద్సార్. గసొంటి మోటు మాటలు మేమనం సార్. మా ఇంట్ల ఇంటరు సదివినోళ్లున్నరు."

గణకుడు సున్నా చుట్టాడు.

"ఇప్పుడే కదయ్యా అన్నాడు! మనిద్దరం విన్నాం కదా!" అన్నారు లింబాద్రి సారు.

"అది ఫారం తెరవకముందు సార్" అన్నాడు గణకుడు నమ్రతగా.

ఏ ఊళ్లోనైనా అదే కథ. జీపు చప్పుడు వినగానే జనం చొక్కా గుండీలు పెట్టుకున్నట్టు నాలుక కూడా సర్దుకునేవారు. నీళ్ల బిందె దించుకుంటూ "దూపైతున్నదే" అన్న ఇల్లాలు, ఫారం చూడగానే "మాకు దాహము మాత్రమే అగును సార్" అని రాయించింది. పెద్ద అధికారి ముందు తమ మాట తాము ఒప్పుకోవడం బట్టల్లేకుండా నిలబడటమంత సిగ్గు వాళ్లకు. ఆ సిగ్గును నమోదు చేయడానికి ఫారంలో గడి లేదు. 'లొల్లి' అనే పదం మాత్రం అన్ని ఊళ్లలోనూ ఆరోగ్యంగా ఉన్నట్టు తేలింది. గణకులు వచ్చిన ప్రతిచోటా అది ఉండటమే కారణం.

జిల్లా అంతటా తిరిగి అలసిపోయిన గణకుడు చివరికి సంస్థ వెనక వరండాలోని క్యాంటీనులో కూర్చుని, మిగిలిపోయిన ఒక్క ఫారాన్ని వృథా చేయడమెందుకని, ఛాయ్ పోస్తున్న బుచ్చవ్వను అడిగాడు. బుచ్చవ్వ ఆ వరండాలో పంతొమ్మిదేళ్లుగా పొయ్యి వెలిగిస్తున్నది. అది విత్తనాల గోదాముగా ఉన్నప్పుడు హమాలీలకు ఛాయ్ పోసింది, ఇప్పుడు పండితులకు పోస్తున్నది. రుచిలో ఆమె తేడా చూపలేదు.

"ఇగురమా? అనక? పొద్దుగాల లేస్తె గదే మాట గదా! ఉన్న నూనెల్నె అందరికి సరిపోయేటట్టు వండుడు ఇగురం. అలిగినోళ్లతోని మాటపడకుంట మాట్లాడుడు ఇగురం. నిండిన గిన్నె ఒలకకుంట దించుడు ఇగురం. గిది గూడ కాయిదం మీద రాస్కునుడేంది బిడ్డా?"

ఫారం మీద ఒకటి పడింది. జిల్లా మొత్తానికి ఒకటి.

లింబాద్రి సారు సంచాలకుల గదికి నేరుగా వెళ్లారు. "లెక్క తప్పండీ. జీపు పోతే కొంగలు లేచిపోతాయి. అంతమాత్రాన చెరువులో కొంగలు లేవని రాస్తామా?"

"లేచిపోయినవి, రికార్డు దృష్ట్యా, లేనట్టే కదా లింబాద్రి గారూ" అన్నారు విశ్వపతి గారు చిరునవ్వుతో. "పైగా ఇది మన సంస్థ సాధించిన తొలి విజయం. అంతరించడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్న పదాన్ని మన ప్రాంగణంలోనే కనుగొన్నాం."

ఆ శుక్రవారమే బుచ్చవ్వకు శాలువా కప్పి, "అంతిమ వాడుకరి" అన్న బిరుదు రాసిన పటం చేతికిచ్చారు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"అంతిమమంటేంది సారూ? నేనింక సావలేదు గదా?"

చప్పట్లలో ఆ ప్రశ్న కలిసిపోయింది.

తరువాత వచ్చిన ఉత్తర్వు తర్కంలో ఎక్కడా లోపం లేదు. పదం ఆమె ఒక్కరి దగ్గరే ఉంది. ఆమె నోటి నుంచి విని ఇంకొకరు నేర్చుకుంటే, వాడుకరులు పెరిగి, పదం అతిప్రమాద శ్రేణి నుంచి జారిపోతుంది. జారిపోతే దానికి రక్షణ ఉండదు. కాబట్టి రక్షణ ఉండాలంటే ఎవరూ నేర్చుకోకూడదు. ఉద్యోగులందరూ తమకు ఆ పదం తెలియదని ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. అయితే పత్రంలో ఆ పదాన్ని రాస్తే చదివినవారికి తెలిసిపోయే ప్రమాదం ఉంది గనుక, "……… అను పదము నాకు తెలియదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను" అని ఖాళీ వదిలారు. సూపరింటెండెంట్ హన్మాండ్లు అందరికంటే ముందు సంతకం చేశాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో, తెలియదని రాసివ్వడం వల్ల నష్టపోయినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదతడు.

ఇక బుచ్చవ్వ ఆ పదాన్ని క్యాంటీనులో పలకకూడదు. సోమ, గురువారాల్లో పదకొండు గంటలకు, ధ్వనిముద్రణ గదిలో, నియంత్రిత వాతావరణంలో మాత్రమే పలకాలి. మొదటి గురువారం ఆమెను గాజుగదిలో కూర్చోబెట్టారు.

"పలకండి" అన్నారు విశ్వపతి గారు అద్దం అవతలి నుంచి.

"ఊకె ఎట్లంటరు సారూ? ఎవడన్న ఇగురం తప్పితె గదా అనేది?"

"అదిగో! ముద్రణ అయింది! ఆపండి, ఆపండి, ఈ పూటకు పరిమితి పూర్తయింది!"

బుచ్చవ్వ ఎంగిలి గ్లాసుల దగ్గరికి తిరిగి వెళ్లింది.

ఇంతలో ఆఫీసులో ఒక ఇబ్బంది వచ్చిపడింది. మాట పోయినా దాని అవసరం పోలేదు. ఫైళ్ల దొంతర కిందినుంచి ఒక్కటి లాగి అన్నీ కూలదోసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఏమనాలో తెలియక మొదట రెండురోజులు అందరూ ఉక్కిరిబిక్కిరయ్యారు. మూడోరోజు ఎవరో గుమాస్తా, "నీకు మూడొందల పన్నెండు లేదయ్యా!" అన్నాడు. అంతే, అది పాకిపోయింది. "జర మూడొందల పన్నెండుగ మాట్లాడన్నా, అవుతల పెద్దసారున్నడు." "ఉన్న కాయిదాలనే మూడొందల పన్నెండుగ వాడుకోవాలె." లింబాద్రి సారు దాన్ని గమనించి, ఈక రంగు మారినంత మాత్రాన పిట్ట మారదని తన పుస్తకంలో రాసుకున్నారు.

అసలు దెబ్బ తరువాతి నెలలో పడింది. జనసంచారం ఉన్న క్యాంటీను రక్షిత పదానికి తగిన ఆవాసం కాదని ఉపసంఘం తేల్చింది. వచ్చే ఒకటో తేదీ నుంచి క్యాంటీనును మూసివేసి, అంతిమ వాడుకరిని ఆరవ నంబరు గదిలో, ప్రశాంత వాతావరణంలో, ఒక కాపలాదారు పర్యవేక్షణలో ఉంచాలని నోటీసు అంటించారు. గదిలో పొగ రాకూడదు గనుక పొయ్యికి అనుమతి లేదు.

ఆ నోటీసును చదివి వినిపించమని బుచ్చవ్వ లింబాద్రి సారునే అడిగింది. ఆయన చదివారు. ఆమె పాలు పొంగబోతుంటే గిన్నె దించి, కొంగుతో చేయి తుడుచుకుంది.

"పంతొమ్మిదేండ్లాయె సారూ ఈ పొయ్యి పెట్టి. మా ఆయిన పోయిన్నాడు తప్ప ఒక్కనాడు ఆర్పలె. గిప్పుడు నా పొయ్యి ఆర్పి, నన్ను మామిడికాయ తొక్కు లెక్క జాడిల వెడ్తరా? గంత జేసి ఏం రాబడ్తరు?"

రాబట్టేదేమిటో లింబాద్రి సారుకూ తెలియదు. తెలిసినదల్లా, ఆ ఉపమానం తన నోటి నుంచే వచ్చిందన్నది. ఆయన ఇంటికి వెళ్లి నియమావళిని మొదటినుంచి చివరిదాకా, గుడ్ల నిబంధనతో సహా చదివారు. పందొమ్మిదవ నిబంధన దగ్గర ఆగారు. కొత్తగా పన్నెండుమంది వాడుకరులు, ఎవరూ అడగకుండా, స్వయంప్రేరితంగా పదాన్ని వాడినట్టు విశ్వసనీయమైన పరిశీలన ద్వారా రుజువైతే రక్షణ ఎత్తివేయబడును. రక్షణ లేకపోతే గది లేదు, కాపలా లేదు. పొయ్యి వరండాలోనే ఉంటుంది. ఒకటో తేదీకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

అడిగితే చెప్పరు. అడగకుండా చూడటమెట్లాగో ఆయనకు ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం. మరునాడు ఉదయమే క్యాంటీను మూల, కట్టెల వెనక, రెండు గోనెపట్టాలు అడ్డంగా కట్టుకుని, చిన్న పీట వేసుకుని కూర్చున్నారు. చేతిలో కొంగల పుస్తకం, జేబులో పెన్సిలు.

"ఏంది సారూ, దొంగల్నా పడ్తున్నవ్?" అని బుచ్చవ్వ గుసగుసగా అడిగింది.

"మీరు మామూలుగా పని చేసుకోండి. నేను లేననుకోండి."

"లేకపోతె ఛాయెవరికి పొయ్యాలె?" అంటూ ఒక గ్లాసు పట్టా కిందినుంచి లోపలికి జరిపింది.

మూడు ఉదయాలు ఆయన అక్కడే కూర్చున్నారు. ఫలితాలు చక్కగా వచ్చాయి. తాపీగా ఉన్నప్పుడు, ఎదురుగా పై ఉద్యోగి ఉన్నప్పుడు అందరూ మూడొందల పన్నెండనే అనేవారు. చేయి కాలినప్పుడు, చొక్కా మీద చట్నీ పడ్డప్పుడు, రెండు గ్లాసుల ఛాయ్ నలుగురికి పంచవలసి వచ్చినప్పుడు మాత్రం అసలు మాట దానంతటదే ఎగిరి వచ్చేది. పదమూడుమంది, నలభై ఒక్కసార్లు. ఒక్క హన్మాండ్లే తొమ్మిదిసార్లు. మూడోరోజు పదిగంటల యాభై రెండు నిమిషాలకు పద్నాలుగో వ్యక్తి ప్రవేశించాడు. తన గదికి ఛాయ్ ఆలస్యమైందని సాక్షాత్తు సంచాలకుల వారే దిగివచ్చారు. హన్మాండ్లు కంగారులో గ్లాసు అంచుదాకా నింపి అందించాడు. వేడి ఛాయ్ మోచేతి మీదుగా కారింది.

"ఇగురమున్నదా నీకు? గిట్ల నిండ పోస్తరా ఎవలన్న? మా అవ్వ జూస్తె సంపుతుండె నిన్ను!"

క్షణకాలం అక్కడ సంస్థ లేదు. గోదావరి ఒడ్డు పల్లెలో ఎవరింట్లోనో పుట్టి పెరిగిన మనిషి ఒకడు మోచేయి ఊదుకుంటున్నాడు. తరువాత విశ్వపతి గారు చుట్టూ చూసి, "అనగా, మరింత అప్రమత్తత అవసరమని నా అభిప్రాయము" అని చెప్పి, మెట్లెక్కి వెళ్లిపోయారు. గోనెపట్టా వెనక పెన్సిలు కదిలింది.

ఉపసంఘం సమావేశంలో లింబాద్రి సారు పుస్తకం తెరిచి తేదీలు, సమయాలు, సందర్భాలు వరుసగా చదివారు. ఎవరి పేరూ చెప్పలేదు. సభ్యులు ఒకరి ముఖాలొకరు చూసుకోలేదు.

విశ్వపతి గారు శ్రద్ధగా విన్నారు. "పరిశీలన శాస్త్రీయం. అభినందనీయం. అయితే ఒక చిన్న సాంకేతిక విషయం. మీరు చెప్పినవారందరూ మన ఉద్యోగులే కదా. తమకు ఆ పదం తెలియదని వారందరూ లిఖితపూర్వకంగా ధ్రువీకరించి ఉన్నారు. తెలియని పదాన్ని పలికితే అది వాడుక అనిపించుకోదు. అది కేవలం ధ్వని."

"పద్నాలుగో వ్యక్తి విషయంలో కూడానా?"

"ఆయన ఎవరు?"

"నీలం చొక్కా. కుడిచేతికి రెండు ఉంగరాలు. ఎడమ మోచేతి మీద కొత్త బొబ్బ."

విశ్వపతి గారు మడిచిన చొక్కాచేతిని నెమ్మదిగా కిందికి దించుకుని, గుండీ పెట్టుకున్నారు. అనుభవజ్ఞుడైన పాలకుడు గనుక, ఓటమిని ఒప్పుకోకుండానే వెనక్కి తగ్గడం ఆయనకు తెలుసు.

"సలహాదారు గారి పరిశోధన వలన తేలినదేమనగా, క్యాంటీనే ఈ పదానికి సహజ ఆవాసం. కావున దానిని మూసివేయరాదు. దానిని రక్షిత ప్రాంతంగా ప్రకటించుచున్నాము."

లింబాద్రి సారు గెలిచానని అనుకున్నారు. ఒకటో తేదీ ఉదయం వచ్చి చూసేసరికి క్యాంటీను చుట్టూ ఇనుప కంచె ఉంది. ప్రవేశానికి అనుమతి పత్రం కావాలి. లోపల మౌనం పాటించవలెనని బోర్డు ఉంది. ఆవాసానికి భంగం కలగకూడదని ఉద్యోగులకు ప్రవేశం నిలిపివేశారు. ప్రమాదకరమైన మంట ఉండరాదని పొయ్యి తీయించి గేటు పక్కన పెట్టారు. బుచ్చవ్వ కోసం కంచె లోపల గులాబీ రంగు ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

బుచ్చవ్వ ఆ కుర్చీని చూసింది. పొయ్యిని చూసింది. శాలువాను నాలుగు మడతలు పెట్టి చుట్టకుదురు చేసి తలమీద పెట్టుకుంది.

"ఓ హన్మాండ్లూ, ఆ పొయ్యి జర ఎత్తు బిడ్డా."

హన్మాండ్లు అటూ ఇటూ చూసి, ఎత్తాడు. ఆమె రోడ్డు దాటి అవతలికి వెళ్లి, పంక్చరు దుకాణం పక్కన రేకు కింద పొయ్యి పెట్టి, పదింటికల్లా పాలు కాచింది. పదిన్నరకల్లా ఆఫీసంతా అక్కడే ఉంది. రోడ్డు అవతల సంస్థ అధికార పరిధి లేదు, బోర్డు లేదు, మౌనం అసలే లేదు.

సంస్థ లోపల మాత్రం కాపలాదారు ప్రతిరోజూ రిజిస్టరులో "పదము వినబడలేదు" అని రాస్తూ వచ్చాడు. తొంభై రోజులు వినబడకపోతే పదం అంతరించినట్టు పరిగణించాలన్నది ఇరవై మూడవ నిబంధన. తొంభై ఒకటో రోజున ప్రాంగణంలో సంతాపసభ ఏర్పాటైంది. కంచె లోపల నల్లరాతి ఫలకం, దాని మీద పూలదండ. విశ్వపతి గారు వార్షిక నివేదిక చదివారు. అంతరించిన పదం ఒకటి. కొత్తగా కనుగొన్న మాండలిక పదం ఒకటి, దాని పేరు 'మూడొందల పన్నెండు'. వ్యుత్పత్తి తెలియరాలేదు. ఆయన నిజంగానే జేబురుమాలుతో కళ్లొత్తుకున్నారు.

"ఆ పదం స్మృతికి నివాళిగా రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

అందరూ లేచి తల వంచుకున్నారు. లింబాద్రి సారు కూడా లేచారు, తల మాత్రం వంచలేదు. అప్పుడే రోడ్డు అవతలినుంచి, లారీ హారను ఆగిన సందులో, ఒక గొంతు గేటు దాటి, కంచె దాటి వచ్చింది.

"హన్మాండ్లూ! ఇరవై గ్లాసులు ఒక్కపారే వట్టుకపోతున్నవ్, ఇగురంగ పో బిడ్డా! మీ ఆఫీసోళ్లకు ఒక్కనికన్న గదుంటె నేను గీడెందుకుందు?"

ఎవరూ కదలలేదు. అందరూ సంతకాలు చేసినవారే. విశ్వపతి గారు కళ్లు తెరిచారు. హన్మాండ్లు రెండు చేతుల మధ్య పెద్ద పళ్లెం పట్టుకుని, రాళ్లూ, కేబుల్ గుంటా, కంచె గడపా దాటుకుంటూ, వంగిన తలల నడుమనుంచి వచ్చి, దాన్ని బల్ల మీద దించాడు.

"హన్మాండ్లూ" అన్నారు సంచాలకులు మెల్లగా, "ఇప్పుడు బయట ఎవరైనా, ఏదైనా పదం వాడారా?"

హన్మాండ్లు చేతులు కట్టుకున్నాడు.

"లేద్సార్. గసొంటి మోటు మాటలు ఈడ ఎవ్వరనరు సార్."

విశ్వపతి గారి ముఖం తేటపడింది. అంతరాయం కలిగినందువల్ల రెండు నిమిషాలూ మళ్లీ మొదటినుంచి పాటించాలని ఆయన సైగ చేశారు. తలలు మళ్లీ వంగాయి.

లింబాద్రి సారు జేబులోంచి కొంగల పుస్తకం తీశారు. తేదీ వేసి, సమయం వేసి, స్థలం దగ్గర "రోడ్డు అవతల" అని రాసి, సంఖ్య దగ్గర ఒకటి అని వేశారు. తరువాత బల్ల మీద పళ్లెం వైపు చూశారు. ఇరవై గ్లాసులూ నిండుగా ఉన్నాయి. పళ్లెంలో ఒలికిన చుక్క ఒక్కటి కూడా లేదు. ఆయన ఒకటిని కొట్టివేసి, రెండు అని దిద్దారు.